ఈశాన్యాన పల్లం పడ్డ ఫిల్టరు

సర్వమిత్ర కాలనీ వాసులకే కాక, ఇరుగు పొరుగు కాలనీల వారికి కూడా తెలియజేయడమేమనగా, ఎల్బీనగర్ చౌరస్తాకు కూతవేటు దూరంలో ఉన్న మా కాలనీలో నీళ్ళు వాస్తు ప్రకారం శుద్ధి అవుతున్నాయి. ఇలాంటి సౌకర్యం మరెక్కడైనా ఉన్నట్టు మా సంక్షేమ సంఘం దృష్టికి రాలేదు. తన దృష్టికి రానిది లోకంలో ఉండదని సంఘం నమ్మకం.

నేను ఈ కాలనీకి చదువు కోసం వచ్చాను. చిన్నమ్మ లలితమ్మ, చిన్నాయన బ్రహ్మం ఇంట్లో ఉండి ఇంటర్మీడియట్ చదవాలని మా ఊళ్ళో నిర్ణయించి పంపారు. వచ్చిన కొన్నాళ్ళకే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. కాలేజీ మూతపడింది, బస్సులు ఆగిపోయాయి, కరెంటు తనకు తోచినప్పుడు వచ్చి పోయేది. చదవడానికి వచ్చినదాన్ని చూస్తూ కూర్చున్నాను. కాబట్టి ఇందులో రాసినదంతా కళ్ళారా చూసినదే.

సంఘానికి అధ్యక్షులు సాంబమూర్తి గారు. తెనాలి వైపు నుంచి వచ్చి, ఒక ఆఫీసులో పని చేసి, రిటైరై, వాస్తు చదువుకున్నారు. కార్యదర్శి కొమరయ్య సారు. ఆయన బడిపంతులు, సమ్మెలో ఉన్నారు, కాలనీలో ఉద్యమం నడిపే జేఏసీకి కన్వీనరు కూడా. ఇద్దరూ ఒకే టేబులుకు అటొకరు ఇటొకరు కూర్చుని, ఏ విషయం వచ్చినా ముందు విభేదించి, ఆ తర్వాత విషయమేమిటని అడిగేవారు. రాష్ట్రం విడిపోవాలా వద్దా అన్నదాని మీద వాళ్ళు మొదలుపెట్టిన చర్చ వీధి దీపాల దగ్గర ఆగి, మోరీల దగ్గర వేడెక్కి, చివరికి టీలో చక్కెర ఎక్కువైందా తక్కువైందా అన్న దగ్గర తెగకుండా మిగిలేది.

అలాంటి ఇద్దరూ ఒక్క విషయంలో ఏకమయ్యారు. అదే ఫిల్టరు.

మా బోరు నీళ్ళు తుప్పు రంగులో ఉంటాయి. తెల్ల చొక్కా ఒకసారి ఉతికితే పాత చొక్కా అవుతుంది. అందుకని చందాలు వేసుకుని ఇటుకలతో నడుములోతు తొట్టి కట్టించారు. అడుగున కంకర, దాని మీద దొడ్డు ఇసుక, ఆ పైన సన్న ఇసుక. పైన పోసిన నీళ్ళు మెల్లగా ఇసుకలోకి ఇంకి, మురికిని పైనే వదిలేసి, అడుగున ఉన్న గొట్టంలోంచి కుళాయికి వస్తాయి. నీళ్ళు పడే గొట్టం తొట్టి మధ్యలో ఉండాలని, ధార ఒకే చోట పడి ఇసుకను తవ్వకుండా దాని కింద ఒక బండ పెట్టాలని మొదట అనుకున్నారు. సాంబమూర్తి గారు వచ్చి చూసి నవ్వారు.

"నీరు రావలసింది ఈశాన్యం నుంచండీ. మధ్యలోంచి రావడానికి ఇదేమన్నా ఫౌంటెనా?"

గొట్టాన్ని ఈశాన్యం మూలకు జరిపారు. మేస్త్రీ బండను కూడా ఆ మూలకు మోసుకొచ్చాడు. ఈశాన్యంలో బరువు పెడితే కాలనీ మొత్తం అణిగిపోతుందని సాంబమూర్తి గారు హెచ్చరించారు. అందరూ కొమరయ్య సారు వైపు చూశారు. ఆయన అలవాటు ప్రకారం విభేదించడానికి నోరు తెరిచి, "నిజమే సార్, ఈశాన్యంల బరువొద్దు," అన్నారు. తెలంగాణ ఈశాన్యం, ఆంధ్రా ఈశాన్యం ఒకే దిక్కున ఉన్నాయని ఆ రోజు తేలిపోయింది. సభ్యులు చప్పట్లు కొట్టారు. బండను ఇంటికి తీసుకుపోయి సాంబమూర్తి గారు నైరుతిలో వేయించుకున్నారు.

మొదటి రోజుల్లో నీళ్ళు అద్దంలా వచ్చేవి. కానీ అది ధార కాదు, దారం. బిందె పెట్టి ఇంటికి పోయి, కూర వండి, వచ్చి చూస్తే సగమయ్యేది. కుళాయి దగ్గర వరుసలో నిలబడ్డ ఆడవాళ్ళు ఒకరి వంశాలు ఒకరు తెలుసుకున్నారు. దవాఖానలో ఆయాగా చేసే ఎస్తేరక్క ఒకనాడు ఖాళీ బిందెను చంక మార్చుకుంటూ, "గీ బిందె నిండేలోపు తెలంగాణ వస్తదక్కా," అంది. వెనకే ఉన్న గుంటూరు తిరుపతమ్మ గారు ఏమాత్రం తడుముకోకుండా, "అయితే మేం సామాను సర్దుకునేలోపైనా నా బిందె నిండుద్దంటావా?" అని అడిగారు. ఇద్దరూ నవ్వుకున్నారు. కాలనీలో రెండు ప్రాంతాల మధ్య జరిగిన చర్చల్లో ఫలించినది నాకు తెలిసి ఇదొక్కటే. అయితే దీన్ని సంఘం గుర్తించలేదు.

ఇక్కడ మా చిన్నాయన గురించి చెప్పాలి. ఆయన పోచంపల్లి పక్క ఊళ్ళో మగ్గం మీదే పుట్టాడా అన్నంత పని చేసి, ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో రామారావు గారి చీరల దుకాణంలో సేల్స్‌మన్. పొద్దంతా ఇతరులు అద్దిన రంగులను భుజాన వేసుకుని చూపిస్తాడు. సొంతంగా అద్దకం పెట్టుకోవాలని, ఎవరి దుకాణంలోనూ నిలబడకుండా బతకాలని ఆయన కోరిక. ఆ కోరికకు కొమరయ్య సారు దారి చూపించారు. ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా పెద్ద ర్యాలీ ఉంది, అందరి మెడల్లోకి గులాబీ రంగు కండువాలు కావాలి, అద్దే పని నీదే అన్నారు. రామారావు గారు కూడా, ఈ పని చక్కగా చేసి చూపిస్తే పట్టు నూలు ఇచ్చి తన అద్దకం కూడా అప్పగిస్తానన్నారు. చెడగొడితే మాత్రం మళ్ళీ అద్దకం మాట తన ముందు ఎత్తొద్దన్నారు. ఆయన మాట మీద నిలబడే మనిషి.

చిన్నాయన దారంలా వస్తున్న నీళ్ళను పట్టుకుని ఒక కండువా అద్దాడు. అది నిజంగా గులాబీ. కొమరయ్య సారు దాన్ని మెడలో వేసుకుని మూడు వీధులు తిరిగి వచ్చి, మిగతావన్నీ ఇట్లనే ఉండాలి అన్నారు. చిన్నాయన ఆ పూట అన్నం తినకుండా డాబా మీద నిలబడి ఆ రంగునే చూశాడు. చిన్నమ్మ పిలిచి పిలిచి అలిసిపోయి, రంగునే వడ్డించుకో అని తను తినేసింది.

సరిగ్గా అప్పుడే ఫిల్టరు అభివృద్ధి చెందడం మొదలుపెట్టింది.

కరెంటు వచ్చినప్పుడే మోటారు వేసేవారు కాబట్టి నీళ్ళు ఒక్కసారిగా వచ్చి ఈశాన్యంలో దబదబా పడేవి. పడిన చోట ఇసుక కొంచెం లేచింది. చిన్న గుంట పడింది. గుంట పల్లం కనుక పక్కన పడిన నీళ్ళు కూడా అటే నడిచాయి. ఎక్కువ నీళ్ళు నడిచేసరికి ఎక్కువ ఇసుక కొట్టుకుపోయింది. ఇసుక పోయేసరికి దారి వెడల్పయింది, వెడల్పయిన దారికి ఇంకా నీళ్ళు వచ్చాయి. ఉన్నవాళ్ళ ఇంటికే చుట్టాలు వెళ్ళినట్టు అన్నమాట. నాలుగు రోజులయ్యేసరికి ఆ గుంట కంకర దాకా దిగింది. మిగతా ఇసుకంతా చుక్క నీరు చూడక, పైన మురికి పొర గట్టిపడి, పని లేక ఎండుతూ ఉంది. తొట్టిలో నాలుగు మూలలు ఉన్నా, పని చేసేది ఒక్క మూలే. దీన్ని మా సంఘం ప్రగతి అన్నది.

ఎందుకంటే కుళాయిలో నీళ్ళు ఉరికి వస్తున్నాయి. బిందె పెట్టి కొంగు సర్దుకునేలోపు నిండుతోంది. సంఘం అభినందన సభ పెట్టింది. ఈశాన్యం దానంతట అదే పల్లమవడం కోట్లు పెట్టినా దొరకని యోగమని, శాస్త్రంలో ఉన్నదే తొట్టిలో జరిగిందని సాంబమూర్తి గారు చెప్పారు. కొమరయ్య సారు లేచి, నీళ్ళు శాస్త్రంతో రాలేదని, ఉద్యమంతో వచ్చాయని, సమ్మె మొదలైనాకనే ధార పెరిగిన సంగతి చరిత్ర మరువదని చెప్పారు. ఇద్దరికీ ఒకే శాలువా ఉండటంతో సగం సగం సేపు కప్పారు. ధార వేగాన్ని అందరికన్నా ఎక్కువగా మెచ్చుకున్నది మా చిన్నాయనే. కండువాలన్నీ జాడించడానికి నీళ్ళు చాలా కావాలి కదా, దేవుడే పంపాడని గుంట దగ్గర అగరుబత్తి కూడా వెలిగించాడు.

నీళ్ళు కొంచెం ఎర్రబడ్డాయని ఎవరో అన్నారు. రంగు ఉందంటే సత్తువ ఉన్నట్టని సంఘం వివరణ ఇచ్చింది.

తొట్టిలో ఎండిన ఇసుకను కూడా వృథా పోనివ్వలేదు. తిరుపతమ్మ గారు దాని మీద పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టారు. కుక్కలు ఎక్కవు, పిల్లలు తొక్కరు, ఎండ బాగా తగులుతుంది. నడుస్తున్న ఫిల్టరు మీద వడియాలు ఎండబెట్టుకునే వసతి భూమ్మీద ఇంకెవరికీ లేదనే అనుకుంటున్నాను. రెండో రోజు గాలికి వడియాల పొడి, అందులోని జీలకర్ర కొంత గుంటలో పడ్డాయి. కాసేపటికి ఆ జీలకర్ర ఎస్తేరక్క బిందెలో తేలింది. ఆమె బిందె ఎత్తి చూపిస్తే, సంఘం ఉచితంగా జీలకర్ర నీళ్ళు ఇస్తోందని, అరుగుదలకు మంచిదని సాంబమూర్తి గారు సంతోషించారు. ఎస్తేరక్క ఆ బిందెను మోరీలో పోసి, ఇంకోటి నింపుకుని పోయింది.

ర్యాలీకి రెండు రోజుల ముందు చిన్నాయన కండువాలన్నీ ఒకేసారి అద్దాడు. డాబా మీద పెద్ద డ్రమ్ములు పెట్టి, నేనూ చిన్నమ్మా నీళ్ళు మోస్తుంటే, కర్రతో తిప్పుతూ పాట కూడా పాడాడు. ఆయన పాడతాడని చిన్నమ్మకే తెలియదట. బయటికి తీసి తీగల మీద ఆరేశాక పాట ఆగింది. తడి మీద అలాగే ఉంటుంది, ఆరితే తేలుతుందన్నాడు. ఆరింది. తేలలేదు. ఏ కండువా చూసినా కాలిన ఇటుక రంగు. చిన్నాయన తీగల మధ్య ముందుకూ వెనక్కూ తిరిగి, ఒక్కొక్కటే పట్టుకుని ఎండకు పెట్టి చూసి, చివరికి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "రేపటి నుంచి మల్ల చీరలు భుజానేసుకుని నిలబడుడే," అన్నాడు. చిన్నమ్మ తీగల మీది కండువాలు ఒక్కొక్కటే తీసి మడత పెట్టింది.

సాయంత్రానికి సంఘం విచారణ జరిపింది. కొమరయ్య సారు ఇది కుట్ర అన్నారు. అద్దకంలో ఎవరో చెయ్యి పెట్టారని, ఎవరో తనకు తెలుసునని, సమయం వచ్చినప్పుడు చెబుతానని అంటూ సాంబమూర్తి గారి వైపు చూడకుండా చూశారు. సాంబమూర్తి గారు డాబా ఎక్కి దిక్సూచి పెట్టి చూసి, డ్రమ్ములు ఆగ్నేయంలో ఉన్నాయి కనుక రంగు మాడిందని తేల్చారు. రెండు వాదాలనూ సభ సమానంగా గౌరవించింది. వెనక నిలబడ్డ ఎస్తేరక్క మాత్రం ఉండబట్టలేకపోయింది.

"పైన పడ్డ జీలకర్ర కిందికొచ్చి నా బిందెల తేలింది. ఇగ తుప్పు ఆగుతదా సార్? గా బొందలకెళ్ళి నీళ్ళు సీదా వస్తున్నయి. ఇసుకను ముట్టుకుంటనే లేవు."

చిన్నాయన లేచి తొట్టి దగ్గరికి పోయాడు. మేమూ పోయాం. ఆయన గుంటలో చెయ్యి పెడితే భుజం దాకా దిగింది. అడుగున కంకర చేతికి తగిలినట్టుంది, ముఖం మారింది. తిరిగి వచ్చి, దణ్ణం పెట్టి అడిగాడు. బొంద పూడ్చి, ఇసుక సమంగా పరిచి, గొట్టం మధ్యకు జరిపి, కింద బండ పెట్టనివ్వమన్నాడు. రేపు ఒక్కరోజు నీళ్ళు మెల్లగా వస్తాయి, కానీ తేటగా వస్తాయి, ఆ నీళ్ళతో రాత్రికల్లా మళ్ళీ కొన్నైనా అద్దుకుంటానన్నాడు. ఇనుము ఉన్న నీళ్ళు రంగును చంపుతాయని, పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతిని ధార చూసి మరిచిపోయానని చెప్పాడు. "నా బతుకు సంగతి సార్. జర ఒక్కరోజు ఓర్చుకోండ్రి," అన్నాడు.

ఈశాన్యం నుంచి నీటిని తప్పించిన కాలనీల గతి ఏమైందో సాంబమూర్తి గారు పేర్లు చెప్పకుండా వివరించారు. కొమరయ్య సారు గొంతు సవరించుకున్నారు.

"బ్రహ్మమన్నా, నీ బాధ నా బాధే. కానీ కొట్లాడి తెచ్చుకున్న నీళ్ళు. ఇయ్యాల ధార తగ్గిస్తే రేపు ఉద్యమమే తగ్గిందంటరు. వ్యక్తి కోసం వ్యవస్థను ఆపుతమా?"

ప్రజాస్వామ్యం కనుక ఓటింగు పెట్టారు. వేగం కావాలన్నవాళ్ళు చేతులెత్తమన్నారు. ప్రాంతాలకు అతీతంగా చేతులు లేచాయి. తిరుపతమ్మ గారి చెయ్యి లేచింది, అప్పుడే అంత మాట అన్న ఎస్తేరక్క చెయ్యి కూడా లేచింది. పొద్దున్నే డ్యూటీకి పోవాలి, వరుసలో నిలబడే ఓపిక లేదు, తాగే నీళ్ళు ఎలాగూ కాచుకుంటానని తర్వాత చెప్పింది. మా చిన్నమ్మ చెయ్యి సగమే లేచింది. నీళ్ళు మోసేది ఆమే కదా. సంఘం ఆ సగాన్ని పూర్తిగా లెక్కించింది. తేట నీళ్ళకు వచ్చినది చిన్నాయన చెయ్యి ఒక్కటే. నాలాంటి పిల్లలకు ఓటు లేదు.

ర్యాలీ రోజు పొద్దున ఇటుక రంగు కండువాల మూటలు చౌరస్తాలో దించారు. వేరే రంగు తెప్పించే వ్యవధి లేదు, బస్సులు లేవు, జనం మాత్రం వచ్చేశారు. చిన్నాయన మూటల వెనక, ఎవరికీ కనపడనంత చిన్నగా నిలబడ్డాడు. కొమరయ్య సారు మూట విప్పి, ఒక కండువా తీసి, దాన్ని చూసి, జనాన్ని చూసి, మళ్ళీ దాన్ని చూశారు. తర్వాత మైకు అందుకున్నారు.

"అన్నలారా, అక్కలారా, గులాబీ రంగు ఎవడైనా అద్దుతడు. ఇది రంగు కాదు, మన చెల్క మట్టి. నాగలి కింద లేచిన ఎర్ర మట్టి. దీన్ని అద్దనీకి గుండె కావాలె. గా గుండె మన బ్రహ్మమన్నకున్నది."

చౌరస్తా దద్దరిల్లింది. గుండె ఉన్న మనిషిని వెతికి, మూటల వెనక నుంచి లాగి, భుజాలకెత్తుకున్నారు. ఆయన కింద దించమని అడుగుతున్నది నినాదమనుకుని జనం బదులిచ్చారు. ర్యాలీ కదిలింది. కొత్తపేట దగ్గర పోలీసులు రోడ్డుకు అడ్డంగా ఇనుప కంచెలు పెట్టారు. ఒకచోట రెండు కంచెల మధ్య సందు ఉంది. ఒకడు దూరాడు, వాడి వెనక పది మంది దూరారు. రోడ్డు ఎంత వెడల్పుగా ఉన్నా జనమంతా ఆ సందులోకే ఒరిగారు. సందు వెడల్పయింది, కంచె తనే పక్కకు జరిగి పడుకుంది. మిగతా కంచెల వెనక ఉన్న పోలీసులు ఎవరూ రాకపోవడంతో నీడకు వెళ్ళి కూర్చున్నారు. దీన్ని కూడా విజయమే అన్నారు.

ఆ వారంలోనే చెల్క మట్టి కండువాలకు గిరాకీ వచ్చింది. వనస్థలిపురం వాళ్ళు అడిగారు, నాగోల్ వాళ్ళు అడిగారు. రామారావు గారు మాట మీద నిలబడ్డారు, పట్టు నూలు పంపి అదే రంగు కావాలన్నారు. ఆయన దుకాణంలో ఇప్పుడు ఆ చీరను ఇటువైపు వాళ్ళకు చెల్క మట్టి అని, అటువైపు వాళ్ళకు గోదావరి వరద అని చూపిస్తున్నారు. ఇద్దరూ కళ్ళ నీళ్ళు పెట్టుకుని కొంటున్నారు. చిన్నాయన సేల్స్‌మన్ పని మానేశాడు. ఇంటి ముందు బోర్డు పెట్టాడు. ఎవరి దుకాణంలోనూ నిలబడనక్కర్లేదు. కోరుకున్నదంతా జరిగింది.

ఒక్కసారి మాత్రం ఇబ్బంది వచ్చింది. వానకు తొట్టిలో ఇసుక అంచు విరిగి గుంట సగం పూడింది. కుళాయిలో నీళ్ళు సన్నబడి, మళ్ళీ అద్దంలా వచ్చాయి. తెలియక వాటితోనే అద్దిన నూలు డ్రమ్ములోంచి అచ్చమైన గులాబీగా లేచింది. చిన్నాయన దాన్ని చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూశాడు. మెచ్చుకుంటున్నాడనుకున్నాను. తర్వాత దాన్ని పక్కన పడేసి, పొడుగాటి కర్ర తీసుకుని తొట్టి ఎక్కి, ఈశాన్యం గుంటను తనే పొడిచి పొడిచి మళ్ళీ కంకర దాకా తెరిచాడు. చిన్నమ్మ కింద నిలబడి చూసింది.

"ఆ రోజు దణ్ణం పెట్టి పూడ్చమన్నది నువ్వే గదా," అంది.

"ఆ రోజు నాకు దుకాణం లేదు," అన్నాడు చిన్నాయన, కిందికి దిగుతూ.

సంఘం ఆయన సేవలను గుర్తించి ఫిల్టరు పరిరక్షణ కమిటీకి చైర్మన్ చేసింది. ప్రతిపాదించినది సాంబమూర్తి గారు, బలపరిచినది కొమరయ్య సారు. ఆ నీళ్ళు ఇప్పుడు ఎవరూ తాగడం లేదు. అందరూ డబ్బా నీళ్ళు కొనుక్కుంటున్నారు. ఆ డబ్బాలను జాడించడానికి మాత్రం ఫిల్టరు నీళ్ళే వాడుతున్నారు.

మా ఫిల్టరు చూసి నేర్చుకోవడానికి ఈ మధ్య ఇతర కాలనీల నుంచి ప్రతినిధి బృందాలు వస్తున్నాయి. గుంట ఎంత లోతు ఉండాలి, తవ్వించాలా దానంతట అదే పడుతుందా అని అడుగుతున్నారు. ఒక మూల కొంచెం దారి ఇచ్చి ఓపిక పడితే చాలు, మిగతా పని నీళ్ళే చేసుకుంటాయని చైర్మన్ గారు వివరిస్తున్నారు. సందర్శన ఉచితం, ఆదివారాలు పది గంటలకు. అందరూ ఆహ్వానితులే. మీ పని మాత్రం ఎక్కడా ఆగకుండా, వరుసలో నిలబడకుండా చకచకా అయిపోతూ ఉన్నట్టయితే మీరు అంత దూరం నుంచి శ్రమపడి రానక్కర్లేదు. మీ దగ్గర కూడా ఇలాంటి గుంట ఒకటి ఉన్నట్టే లెక్క.